ఆ సైట్ కాదక్కా!

2005లో షార్జాలో మా కొత్తకాపురం. ఇంట్లోనే నాన్న దగ్గర నాలుగక్షరాలు నేర్చుకున్న నాకు అక్కడ మాట్లాడే మనిషి మావారొక్కరే. ఒకసారి ఎడారిలో పని జరిగే సైట్‌కి వెళ్లిన ఆయన ఫోన్ మోగడం మానేసింది. కంపెనీ ఆఫీసు నంబరు నాకు తెలియదు. భయంతో, అప్పటిదాకా ముఖపరిచయమే ఉన్న పక్కింటి తెలుగమ్మాయి, లైబ్రరీ సైన్స్ చదివే సల్మా దగ్గరికి పరిగెత్తాను.

ఆమె కంప్యూటర్‌లో నేను నెట్‌లో కంపెనీ పేరు కొడితే ఎక్కడెక్కడి కంపెనీలన్నీ వచ్చాయి.

"పేరుకి కొటేషన్లు పెట్టి, పక్కన సైట్ అని కొట్టక్కా," అంది సల్మా.

"ఆయన సైట్‌లోనే ఉన్నారమ్మా!" అంటూ ఏడ్చేశాను.

సల్మా నవ్వు ఆపుకుని, "ఆ సైట్ కాదక్కా! సైట్ అని కొట్టి పక్కన ఏఈ అని పెడితే, ఈ దేశం వెబ్‌సైట్లలోనే వెతకమని దానికి చెప్పడం," అని తనే కొట్టింది. నంబరు దొరికింది. ఫోన్ చేస్తే, "అందరూ బాగున్నారు, అక్కడ సిగ్నల్ లేదంతే," అన్నారు ఆఫీసువాళ్లు.

అల్‌హందులిల్లా! నా అనేవాళ్లు లేని ఊళ్లో, తలుపు తట్టడానికి ఒక ఇల్లు చూపించాడు అల్లా. ఈనాటికీ నేను చేసే దువాలో, ఆ ప్రార్థనలో, మావారి పేరు వెనకే సల్మా పేరు వస్తుంది.