పొలిమేర దగ్గర ఆడిన పరాచికం

మొన్న కోదాడ సర్కారు దవాఖానలో నన్ను కరోనా టీకా వరుసలో కూర్చోబెట్టారు. మిగతా అందరూ నిలబడే ఉన్నారు గానీ, తొంభై దాటిన మనిషిని ఎండలో నిలబెడితే ఇక టీకాతో పని పడదని ఎవరికో దయ కలిగినట్టుంది, ఒక కుర్చీ వేశారు. పక్కన నా మేనల్లుడు, డెబ్బై దాటిన కుర్రవాడు, గొడుగు పట్టాడు. మా ముందున్న ఒక పెద్దమనిషి సెల్‌ఫోను అందరి ముఖాల ముందూ తిప్పుతూ, ఈ సూది వేయించుకున్న వాళ్ళంతా రెండేళ్ళలో పోతారని అరుస్తుంటే, వెనకనుంచి ఇంకొకతను వచ్చి ఆయన అంగీ పట్టుకున్నాడు. ఆ గుంజులాటలో గుండీలు తెగి నా కాళ్ళ దగ్గర పడ్డాయి. సరిగ్గా అప్పుడే నాకొక మాట నోటిదాకా వచ్చింది. అదేమిటో చివర చెబుతాను.

నా వంతు వచ్చాక నర్సమ్మ ఎడమ చెయ్యి ఎత్తమంది. ఆ చెయ్యి భుజం దాటి లేచి డెబ్బై ఏళ్ళు దాటింది. పక్షవాతమా తాతగారూ అని అడిగింది పాపం. కాదమ్మా, టీకా వల్ల అన్నాను. పకపకా నవ్వింది. నేను నిజం చెప్పినా జనం నవ్వుతారు; నా బతుకంతా ఇదే తంటా.

నా యీడు వాళ్ళు, కళ్ళద్దాలు తుడుచుకుని ఇది చదవగలిగేవాళ్ళు ఇంకా ఎందరున్నారో గానీ, ఉన్నవాళ్ళకు ఆ కాలం గురించి వేరే చెప్పనక్కరలేదు. రజాకార్లను అణచడానికి మిలిటరీ వచ్చిన మరుసటి వేసవి. ఒకవైపు క్యాంపు వాళ్ళకు, మరోవైపు తుపాకులతో అడవి పట్టిన సంఘం వాళ్ళకు జవాబు చెప్పుకుంటూ ఊళ్ళు రెండు చెంపలూ వాయించుకుంటున్న రోజులు. మాది గరిడేపల్లికి కోసెడు దూరంలో చిన్న పల్లె. మూడో జమాతులోనే నేను బడి వదిలేశాను. వదిలేశాననడం నా గొప్ప. పంతులు నడకను ఆయన వెనకాలే నడిచి చూపిస్తుండగా ఆయన గిరుక్కున తిరగడంతో బడే నన్ను వదిలేసింది. ఇరవై ఏళ్ళు వచ్చేసరికి నా ఆస్తి రెండు ఎడ్లు, ఒక బండి, ఊరందరినీ నవ్వించే ఒక నోరు.

ఆ వేసవి మా ఊళ్ళో అమ్మవారు పోసింది, అదే మశూచి. రోజుకొక గుమ్మానికి వేపమండలు వేలాడేవి. అమ్మవారికి పడదని తాలింపు మానేసిన ఊరు ఎంత భయంగా ఉంటుందో మీకూ గుర్తుండే ఉంటుంది. అప్పుడు సూర్యాపేట నుంచి టీకాలు వేసే సాయెబును పంపారు. ఆయనను బండి మీద ఊరూరా తిప్పే పని నాకు పడింది. నలభై ఏళ్ళ బక్కపలచని మనిషి, పిల్లల చేతులు పట్టుకోవడంలో తల్లుల కంటే మెత్తన. మిలిటరీ వచ్చాక ఆయన గడ్డం తీసేశాడు, గానీ అలవాటు పోక, లేని గడ్డాన్ని నిమురుకునేవాడు. మేక మేసిందా సాబూ అని నేను ఏడిపించేవాడిని. ఆయన నవ్వేవాడు. ప్రాణభయంతో గడ్డం తీసిన మనిషి ఎలా నవ్వుతాడో చూసే బుద్ధి నాకప్పుడు లేదు.

మా ఊళ్ళో పని అయిపోగానే, మా అక్క వాళ్ళ ఊరికి పోదాం రమ్మని నేనే ఆయనను బతిమాలాను. అది రెండు కోసుల దూరం. అక్కకు నాలుగేళ్ళ కూతురు, పాలుతాగే కొడుకు. ఆ కూతురు నా మెడ మీదికెక్కి, రెండు చెవులూ పట్టుకుని, నన్ను ఎద్దును తోలినట్టు తోలేది. ఆ ఊరికి అమ్మవారు ఇంకా రాలేదు. రాకముందే ఆ ఇద్దరి చేతుల మీదా టీకా పడాలన్నదే నా ఆత్రం.

టీకామందు చీపురుపుల్లంత గాజు గొట్టాల్లో వచ్చేది. ఎండ తగిలితే చెడిపోతుంది. సాయెబు రేకు డబ్బా మధ్యాహ్నానికి పెనంలా కాలేది. దానికి నేనొక ఉపాయం చేశాను. కొత్త కుండలో తడి ఇసుక నింపి, గుడ్డలో చుట్టిన గొట్టాలను అందులో పాతి, కుండ మూతికి మా అమ్మ పాత పసుపు చీర ముక్క తడిపి కట్టి, పైన నీడకు వేపమండలు కప్పాను. సాయెబు కుండ మీద చెయ్యి పెట్టి, ఆ చల్లదనానికి మురిసిపోయి, నా వీపు తట్టాడు. నేను రెండడుగులు వెనక్కి జరిగి చూసుకున్నాను. ఇక నవ్వాగలేదు. అది అచ్చంగా అమ్మవారిని సాగనంపే కుండ.

ఆ ఆచారం మీరు మరిచిపోయి ఉండరు. జబ్బు పట్టిన ఊరివాళ్ళు అమ్మవారిని పసుపు గుడ్డ కట్టిన కుండలో, వేపమండలతో, బండి మీద తీసుకుపోయి పొరుగూరి పొలిమేరలో దించి వచ్చేవారు. దించారంటే జబ్బును ఆ ఊరికి అంటగట్టినట్టే. అందుకని ఆ ఊరివాళ్ళు కర్రలతో కావలి కాసి, దించడానికి వచ్చినవాళ్ళ తలలు పగలగొట్టి, కుండతో సహా వెనక్కి తోలేవారు. ఇదంతా తెలిసే నేను వేపమండలు తీయలేదు. ఆ పొలిమేర కావలిలో మా బావ, అంటే అక్క భర్త, ఉంటాడని తెలుసు. మా సరసం మామూలు సరసం కాదు. నేను ఆయన చెప్పుల్లో తేనె పోస్తే, ఆయన నా తలపాగాలో గండుచీమలు పోశాడు. చీమల బాకీ నా మీద ఇంకా ఉంది.

పొద్దు నడినెత్తికొచ్చే వేళకు పొలిమేర రాయి దగ్గరకు చేరాము. తుమ్మచెట్ల కింద ఇరవై పాతికమంది, చేతుల్లో కర్రలు, వడిసెలలు. అందరికంటే ముందు బావ.

"ఏం పట్కొస్తున్నవ్ రా బామ్మర్దీ, కుండల?" నవ్వుతూనే అడిగాడు.

టీకా మందు బావా, పిల్లల్ని పిలువు అంటే సరిపోయేది.

"మీ అత్త పంపింది బావా, అమ్మోరిని! మా ఊర్ల ఉండి ఉండి యాష్టకొచ్చిందంట. నీ ఇల్లు జర పెద్దది గద, నీ తాననే దించిపోతా."

బావ పెదవులు నవ్వడానికి విచ్చుకోవడం నేను చూశాను. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది. నా మాట విన్నది బావ ఒక్కడే కాదు. వెనకున్న పాతికమందిలో నాకు బావ అయ్యేవాడు ఇంకొకడు లేడు.

"అత్తగారూరోళ్ళని తోవ ఇస్తున్నవా?" అన్నాడు ఒకడు.

"కూడబలుక్కున్నరు ఇద్దరు!" అని ఇంకొక కేక.

జబ్బు పట్టిన ఊరి అల్లుడని వారం రోజులుగా బావను ఊరంతా అనుమానంగా చూస్తోందని నాకు తరువాత తెలిసింది. అందుకే అందరికంటే ముందు కర్ర ఎత్తింది ఆయనే. నేనింకా నవ్వుతూనే ఉన్నాను, అదీ సరసమే అనుకుని. తలకు అడ్డం పెట్టిన నా ఎడమ చెయ్యి భుజం దగ్గర ఎండిన కందికట్టె విరిగినట్టు చప్పుడు చేసింది.

తరువాత జరిగింది వరుసగా చెప్పలేను. రాళ్ళు వానలా పడ్డాయి. ఒక ఎద్దు కన్ను చితికి, అది కాడి తెంపుకోబోయి బండిని బోల్తా కొట్టించింది. కుండ పగిలి, గాజు గొట్టాలు కాళ్ళ కింద పటపటమన్నాయి. సాయెబు రెండు చేతులూ జోడించి ఏదో చెప్పబోయాడు, ఆ మాట తీరుతో ఆయన ఎవరో తెలిసిపోయింది. పోయినేడు మన ఇండ్లు కాలవెట్టినోళ్ళ మనిషిరా అని ఎవడో అరిచాడు. ఆయన ఎవరి ఇల్లూ కాల్చలేదు, కానీ కాలిన ఇళ్ళు నిజం, ఆ కోపమూ నిజం. జుట్టు పట్టి ఈడ్చారు. తల పగిలింది. ఒక చెవి సగం తెగి వేలాడింది. ఆయన సంచి దులిపితే వేలిముద్రలున్న రిజిస్టరు బయటపడింది.

"సూడుండ్రి! పేర్లు రాస్కపోతున్నడు. చేతి మీద గుర్తేసి క్యాంపుల ఇస్తడు. గుర్తున్నోడు సర్కారోడు, లేనోడు సంగపోడు. ఇగ మనం ఎవల చేతుల సావాలె?"

ఈ గోలకు ఊళ్ళోంచి ఆడవాళ్ళు పరుగెత్తుకొచ్చారు. ముందు బావ తల్లి, అక్కకు అత్త. ఎప్పుడో చిన్ననాడు అమ్మవారు ఆమె ముఖమంతా తూట్లు పొడిచి ఒక కన్ను తీసుకుపోయింది. ఆమె వచ్చి సాయెబుకు అడ్డంగా కూర్చుంది, నెత్తురులోనే.

"ఇనుము తాకిస్తె తల్లి ఊకుంటదా అవ్వా? ఊరు ఊడ్సుకపోతది, లే!" అన్నారు మగవాళ్ళు.

"నాకు ఎవడు ఇనుము తాకియ్యలే గద. మరి నా కన్నెందుకు తీస్కపోయింది? చెప్పు బిడ్డా. నా మొకం సూస్కుంట చెప్పు."

ఎవరూ ఆమె ముఖం చూడలేదు. టీకా మంచిదేనని ఒకరిద్దరు గొణిగారు, వాళ్ళను పక్కవాళ్ళు నెట్టారు, మళ్ళీ తోపులాట. అక్క నా దగ్గరకు వచ్చింది. చెయ్యి చూడలేదు.

"ఏమన్నవ్ రా తమ్ముడా? ఏమన్నవ్ నువ్వు?"

నేను వంగి, మంచి చేత్తో గాజుపెంకులు ఏరడం మొదలుపెట్టాను.

అప్పుడు సాయెబు కళ్ళలోని నెత్తురు తుడుచుకుని అంగీ జేబు తడుముకున్నాడు. చేతికందుతుందని పెట్టుకున్న ఒక్క గొట్టం పగలకుండా మిగిలింది. ఒక గొట్టం నాలుగైదు చేతులకు వస్తుంది. "పిల్లల్ని తీస్కరాండ్రి," అన్నాడు, ఏమీ జరగనట్టు, "ఎండకు మందు ఖరాబైతది."

ముసలమ్మ అక్క చంకలోని మనవణ్ణి లాక్కుని, వాడి చెయ్యి చాచి పట్టింది. టీకా వేసే, చివర పళ్ళున్న చిన్న ఇనుప పుల్లను సాయెబు వాడి చేతికి ఆనించి వేళ్ళ మధ్య గిర్రున తిప్పాడు. వాడు గుక్కపట్టి ఏడ్చాడు. ఇంకో ముగ్గురు తల్లులు ముందుకు వచ్చారు. అక్క కూతురి కోసం చెయ్యి చాచింది. వెంట వచ్చిన ఆ పిల్ల అప్పటికే బావ భుజం మీద ఉంది.

"ఒకన్ని ఏపిచ్చినవ్, సాలు," అన్నాడు బావ, గొంతు తగ్గించి. "ఇద్దరికి ఏపిస్తె మనల్ని ఊర్లె నిలువనియ్యరు."

ఒకణ్ణి టీకాకు ఇచ్చాడు, ఒకదాన్ని ఊరికి ఇచ్చాడు. అందరినీ మెప్పించాలనుకున్న మనిషి చేసిన పంపకం అది. అక్క ఆయన కాళ్ళు పట్టుకుంది. ఆయన పిల్లను ఇంకా గట్టిగా పట్టుకున్నాడు, కాపాడుతున్నాననుకుని. ఆ భుజం మీదనుంచి పిల్ల నావైపు చూసి, రెండు చేతులతో గాలిలో చెవులు పట్టుకుని తోలింది.

"కొట్టిన చెయ్యే తోలాలె. కట్టు ఎడ్లను," అంది ముసలమ్మ కొడుకుతో. బావ తన ఎడ్లు కట్టి, తాము కొట్టిన ఇద్దరినీ బండిలో వేసుకుని సూర్యాపేట దాకా తోలాడు.

మూడోనాడు క్యాంపు జవాన్లు దవాఖానకు వచ్చి ఎవరు కొట్టారని అడిగారు. పేర్లు చెబితే ఆ ఊరు ఏమయ్యేదో మీకు తెలుసు. నేను నోరు తెరిచేలోగా సాయెబే, ఎడ్లు బెదిరి బండి బోల్తా పడ్డదన్నాడు. వాళ్ళు పోయాక ఎందుకట్లా చెప్పావని అడిగాను.

"నిజం చెప్తె ఊరు కాలుతది. కాలిన ఊరికి ఇంకొక టీకావాడు ఎట్ల పోతడు?" అని, అలవాటుగా లేని గడ్డాన్ని నిమురుకున్నాడు. నేను కుడిచేత్తో ఆయన దుప్పటి సరిచేశాను. ఆ తల దెబ్బతో ఆయన చేతికి వణుకు పట్టి, ఇక ఇనుప పుల్ల నిలవలేదు. మిర్యాలగూడలో చుట్టాల దగ్గరకు వెళ్ళిపోయాడని విన్నాను. పోయి చూడలేదు. చూస్తే క్షమించమని అడగాలి, నాకా నవ్వించే మాట తప్ప మరొకటి చేతకాదు.

ఆ వేసవి ఇంకో టీకావాడు రాలేదు, ఎవరూ రావడానికి ఒప్పుకోలేదు. బండిబాట మీద కర్రలతో కావలి కాస్తూనే ఉన్నారు, అమ్మవారు మాత్రం సంతకు పోయొచ్చిన వాళ్ళతో పిల్లబాట మీద నడిచి వచ్చింది. అక్క పిల్లలిద్దరూ ఒకే చాప మీద పడుకునేవారు. కొడుకు చేతి మీద టీకా పొక్కులు మాడి పైసల్లా మచ్చలు మిగిలాయి, అంతే. కూతురు జ్వరం వచ్చిన పదకొండో రోజున పోయింది. అమ్మవారి పిల్ల కనుక గట్టిగా ఏడవకూడదన్నారు. అక్క ఏడవలేదు. బావ పొలిమేర రాయి దగ్గరకు పోయి, కర్ర విరిగేదాకా ఆ రాయిని కొట్టాడట.

బావ ఆ తరువాత నలభై ఏళ్ళు బతికాడు. ఒక్కసారి కూడా నాతో పరాచికమాడలేదు, నేనూ ఆడలేదు. అయితే నేను వాళ్ళింటికి ఎప్పుడు పోయినా గుమ్మంలోనే ఎదురొచ్చి, నా ఎడమ చేతిలో ఏది ఉంటే అది, గొడుగో గుడ్డసంచో, మాట్లాడకుండా తీసుకునేవాడు. కుడిచేతిలో ఎంత బరువున్నా దాని వంక చూసేవాడు కాదు.

మొన్న దవాఖానలో నోటిదాకా వచ్చిన మాట ఇది: రెండేళ్ళని కాగితం మీద రాసిస్తావా నాయనా, అయితే ఇప్పుడే ఇంకొకటి కూడా పొడిపించుకుంటా. అంటే వరుస వరుసంతా నవ్వేదే. కానీ ఆ ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఉన్నారు, వాళ్ళలో ఎవరికి ఇంట్లో ఎవరున్నారో నాకు తెలియదు. మింగేశాను.

తిరిగి వచ్చేటప్పుడు మేనల్లుడు కారును ఆ పాత దారిన పోనిచ్చాడు. స్టీరింగు తిప్పుతుంటే పొట్టి చేతుల చొక్కా కింద వాడి టీకా మచ్చలు కనిపిస్తూ ఉన్నాయి. పొలిమేర రాయి ఉన్నచోట ఇప్పుడు పెట్రోలు బంకు ఉంది. రెండు ఊళ్ళ ఇళ్ళూ కలిసిపోయాయి, ఎక్కడ ఒకటి ఆగి ఎక్కడ ఇంకొకటి మొదలవుతుందో వాడికే తెలియదు. ఎవరు ఏం తెస్తున్నారో ఎవరూ ఆపి అడగరు, కర్ర ఎత్తరు. మంచిదేనని ఒప్పుకుంటాను. అయినా బంకు దగ్గర కారు నెమ్మదించినప్పుడు, ఎండలోంచి ఒక మనిషి ముందుకొచ్చి, ఏం పట్కొస్తున్నవ్ రా బామ్మర్దీ అని ఒక్కసారి అడిగితే బాగుండుననిపించింది.

ఈసారి సూటిగా చెబుదును.