అవ్వ అడిగిన ఒక్క ఫోటో

పెళ్లి ఫోటోలు తీసీ తీసీ మనిషి ముఖమంటేనే నాకు వెగటు పుట్టిన రోజులవి. కరీంనగర్‌లో నా స్టూడియో. పెళ్లికొడుకు బావమరిది ముఖం, ఆ బావమరిది దోస్తు ముఖం, "అన్నా, నాది మంచిగ రాలే, ఇంకోటి కొట్టు" అని మీద పడే ముఖం. థూ, ఇదీ ఒక బతుకేనా అనిపించేది.

అప్పుడే నా దోస్తు, చొప్పదండిలో డ్రాయింగ్ సారు, మా కరీంనగర్‌లోనే ఒక హాలు మాట్లాడుకుని మూడు రోజులు తన బొమ్మలు పెట్టాడు. అన్నీ అధివాస్తవిక చిత్రాలు, కలలో కనబడేటటువంటివి. ఆర్టీసీ బస్సు కిటికీలోంచి గోదావరి పారుతోంది. గల్ఫ్ సూట్‌కేసు తెరిస్తే లోపల వరిపొలం, పొలం నడుమ ఖాళీ మంచం. నాకు పిచ్చెక్కిపోయింది. చేతిలో ఉన్న పెళ్లి ఆర్డరు ఇంకొకడికి అప్పగించి, కెమెరా వేసుకుని ఆ హాల్లోనే పడి ఉన్నాను. బొమ్మకు అడ్డం వచ్చినవాళ్లనల్లా కసిరి పక్కకు జరిపాను. ఒక రిటైర్డ్ సారునైతే, "జర జరుగుండ్రి, మీ బట్టతల బొమ్మ అద్దంల మెరుస్తుంది" అని అందరి ముందూ అన్నాను. పాపం, ఆయన చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

మూడో రోజు నా దోస్తు అవ్వ, వాణ్ని కన్నతల్లి, వచ్చింది. భైంసా దగ్గరి పల్లె ఆమెది, జీవితమంతా పత్తి ఏరింది. పొద్దున్నే బస్సెక్కి, ఎర్రంచు పచ్చచీర నలగకుండా సంచిలో తెచ్చుకుని, హాలు వెనక గదిలో మార్చుకుని, ముఖానికి పౌడరు రాసుకుని నేరుగా నా దగ్గరికే వచ్చింది.

"నువ్వే గదా బిడ్డా ఫోటువలు తీసేటోనివి? నాదొక్కటి మంచిగ తియ్యి. ఆధార్ కార్డుల దొంగ లెక్క పడ్డ. రేపు నేను పోయినంక గదే పెద్దగ చేపిచ్చి గోడకు పెడతరు."

"తీస్తా అవ్వా, ఫికర్ చెయ్యకు," అన్నాను.

హాల్లో అన్నిటికన్నా పెద్ద బొమ్మ ఆమెదే. నడుముకు పత్తి ఒడి కట్టుకున్న ఆడమనిషి, మెడ మీద తలకు బదులు విచ్చిన పత్తికాయ. కొడుకు ఆమె చెయ్యి పట్టుకుని దాని ముందుకు తీసుకుపోయి, "గిది నువ్వే అవ్వా," అన్నాడు.

ఆమె కింది నుంచి పైదాకా చూసింది. "నేనా? మరి నా మొఖమేదిరా?"

హాలంతా గొల్లుమంది. అందరికన్నా గట్టిగా నవ్వింది నేనే.

"నువ్వే పత్తి, పత్తే నువ్వు అవ్వా," అన్నాడు కొడుకు.

"నేను పత్తినెట్లయితరా? ఏరినదాన్ని గదా," అంది.

మళ్లీ నవ్వులు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు, రెండు రోజుల కింద నేర్చుకున్న కళనంతా నేనామెకు బోధించాను. బోధిస్తూ ఉండగానే నాకొక ఆలోచన మెరిసింది. బొమ్మకు ఎదురుగా ఆమెను వీపు మనవైపు పెట్టి నిలబెట్టి, తల ముందుకు వంచమంటే వెనక నుంచి మెడ దాకానే కనబడుతుంది. ఆ మెడ మీద బొమ్మలోని పత్తికాయ సరిగ్గా కూర్చుంటుంది. ఆహా!

అరగంట నిలబెట్టాను. ఏళ్ల తరబడి చేలల్లో వంగిన మెడను ఇంకా వంచు, ఇంకా వంచు అన్నాను. ఆమె ఓపిగ్గా వంచింది. నడుమ నడుమ, "ఇటు తిరగాల్నా బిడ్డా?" అని అడుగుతుంటే, "అటే ఉండు అవ్వా," అని కసురుకున్నాను. ఒకసారి తిరిగేసింది కూడా. చిన్నగా నవ్వుతోంది. కెమెరా అప్పటికే నొక్కేశాను. చెడిపోయిన ఫోటో అని అక్కడికక్కడే డిలీట్ చేశాను. ఇంతలో ఆమె బస్సుకు వేళయింది.

నేననుకున్న ఫోటో మాత్రం బ్రహ్మాండంగా వచ్చింది. వాట్సాప్ గ్రూపులన్నీ తిరిగింది. చూసినవాళ్లంతా శభాష్ అన్నారు. నెల తర్వాత దాన్ని పెద్దది చేయించి, బంగారు రంగు ఫ్రేము కట్టించి, దోస్తును వెంటేసుకుని వాళ్ల ఊరికి పోయాను. ఎంత గొప్ప పని చేశానో అని నాలో నేనే మురిసిపోయాను, సిగ్గులేని ముండాకొడుకుని.

ఫోటో వచ్చిందనగానే ఆమె ఇరుగుపొరుగు ఆడవాళ్లను కేకేసి పిలిచింది. చేతులు కడుక్కుని, కొంగుతో తుడుచుకుని, కాగితం తానే విప్పింది. చూసింది. ఫ్రేమును తిప్పి వెనక అట్ట చూసింది. ముఖం అటువైపు ఉందేమోనని. మళ్లీ ఇటు తిప్పింది.

"గిదెవలే? తలకాయ లేదు," అంది పక్కింటామె. ఆడవాళ్లు కిసుక్కుమన్నారు.

కొడుకు ఏదో చెప్పబోయాడు. ఆమె వినలేదు. ఫ్రేమును తెచ్చి నా కాళ్ల దగ్గర గోడకు ఆనించింది.

"మీ ఇద్దరి కంటె గా ఆధారోడే నయం బిడ్డా. దొంగ లెక్కనో దొర లెక్కనో, మొఖమన్న తీసిండు."

నా ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. మెడలో కెమెరా ఉంది. గబగబా మూత తీశాను. "ఇప్పుడు తీస్త అవ్వా, ఒక్కటే ఒక్కటి, ఇటు చూడు," అని బతిమాలాను.

ఆమె నాకు వీపు పెట్టి నిలబడి, మెడ ముందుకు వంచింది.

"గిట్లనే గదా నీకు గావాల్సింది? తీసుకో."