గీత దాటించిన బిర్యానీ

డబ్లిన్‌లో ఉన్న మనవాళ్లకు, బ్రిటన్ పాలనలోని ఉత్తర ఐర్లాండ్ ఊరు న్యూరీ వెళ్లాలంటే బ్రిటిష్ వీసా కావాలి. న్యూరీలో ఉన్నవాళ్లకు డబ్లిన్ రావాలంటే ఐరిష్ వీసా కావాలి. మధ్యలో గోడ లేదు, గేటు లేదు. రోడ్డు పక్కన పసుపు గీత తెల్లగా మారితే దేశం మారినట్టు. బస్సుల్లోకి ఎక్కి పాస్‌పోర్టులు అడిగే గార్డులకు భయపడి ఎవరూ ఆ గీత జోలికి పోయేవారు కాదు.

మావారు డబ్లిన్‌లోని బోమాంట్ ఆసుపత్రిలో డాక్టరు. చాలా ఏళ్లుగా ఉన్నాం కనుక మాకు ఐరిష్ పాస్‌పోర్టులు వచ్చాయి. ఊరంతా కొత్త ఇళ్లు, కొత్త కార్లు, కొత్త ఉద్యోగాలు. నేను మాత్రం వంటింట్లోనే ఉన్నాను. అందుకే ఓ పాత కారు కొని ఈ పని మొదలుపెట్టాను. డబ్లిన్ శివార్లలోని బ్లాంచర్డ్స్‌టౌన్‌లో ఒక హైదరాబాదీ హోటల్ నుంచి బిర్యానీ, కూరలు థర్మాకోల్ పెట్టెల్లో సర్ది, శనివారం శనివారం న్యూరీలోని మనవాళ్లకు ఇచ్చేదాన్ని. వాళ్ల మందులు, బట్టలు, పచ్చళ్లు కూడా అటూ ఇటూ చేర్చేదాన్ని. నాదంటూ ఒక పని ఉందని గర్వంగా ఉండేది.

డబ్లిన్ నుంచి పార్సిళ్లు పంపేవాళ్లలో ఒక కరీంనగర్ అమ్మాయి ఉండేది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, నాలుగేళ్ల కూతురు. భర్తకు న్యూరీలో ఉద్యోగం. అతనికి ఐరిష్ వీసా రాలేదు, ఆమెకు బ్రిటిష్ వీసా తిరస్కరించారు. వారం వారం అతని కోసం ఇంట్లో మటన్ బిర్యానీ వండి పంపేది. పాప నా కారు అద్దం దగ్గరికొచ్చి, అచ్చం ఇక్కడి పిల్లల యాసలో, "టెల్ డాడీ ఐ వాజ్ గుడ్" అనేది. నేను అతనికి చెప్పేదాన్ని. అతను నవ్వి పార్సిల్ అందుకునేవాడు.

ఒక ఆదివారం హోటల్ యజమాని ఫోన్ చేశాడు. డబ్లిన్‌లో ఆ అమ్మాయి ఇంటికి దగ్గర్లోనే ఉన్న క్రికెట్ మైదానానికి భోజనాలు తీసుకెళ్లమన్నాడు. వెళ్లి పెట్టెలు దించుతుంటే, ప్యాడ్లు కట్టుకుని బ్యాటింగ్ కోసం కూర్చున్న మనిషి నన్ను చూసి లేచి నిలబడ్డాడు. అతనే, ఆ పాప తండ్రి.

"అక్కా, దానికి చెప్పకుండ్రి" అన్నాడు, పక్కకు తీసుకెళ్లి. "వీసా వచ్చి శాన్నాళ్లయింది. వారమంతా డ్యూటీ. ఈ ఒక్కరోజే నాది. ఇంటికి పోతే మళ్ల ఆ ముచ్చట్లే, ఆ లొల్లే."

"పాప కూడా లొల్లేనా?" అన్నాను.

అతను వంగి ప్యాడ్ పట్టీ బిగించుకున్నాడు. ఎవరో పిలిస్తే బ్యాట్ తీసుకుని వెళ్లిపోయాడు.

వారమంతా నాలో నేనే కుమిలిపోయాను. మళ్లీ శనివారం వచ్చింది. పాప అద్దం దగ్గరికొచ్చి ఆ మాటే అంది. ఇక ఆగలేకపోయాను. పాపను లోపలికి పంపి, తల్లికి అంతా చెప్పాను.

ఆమె ఏడవలేదు. పార్సిల్ గట్టిగా పట్టుకుని నా మొహంలోకి చూసింది.

"నాకు తెల్వదనుకున్నారా అక్కా? ఆయన దోస్తు భార్య ఎప్పుడో చెప్పింది. నేను తెల్వనట్టుంటే, వారానికొక్కసారన్న ఫోన్ చేసి బిర్యానీ మంచిగున్నది అంటుండె. బిడ్డతోని మాట్లాడుతుండె. ఇప్పుడు మీకు తెల్సిందని ఆయనకు తెల్సు, మీరు నాకు చెప్తరనే అనుకుంటడు. ఇగ నేను తెల్వనట్టు ఎట్లుండాలె?"

పార్సిల్ కోసం చేయి చాపాను. ఆమె మళ్లీ అంది: "మీరు అన్నం తీస్కపోయేటోళ్లు. అన్నమే తీస్కపోవాల్సింది."

ఆ పార్సిల్ నాకివ్వలేదు.

ఆ తర్వాత న్యూరీ నుంచి ఫోన్లు ఒక్కొక్కటిగా తగ్గాయి. నేను ఇంటింటి సంగతులు మోస్తానని అతనే చెప్పాడట. మైదానంలో అతనితో ఆడినవాళ్లెవరూ నా తరఫున నోరెత్తలేదు. ఏళ్ల తరబడి నా చేతి మీదుగా అన్నం తిన్న అక్కడి డాక్టర్లు కూడా "ఈ వారం వద్దులెండి ఆంటీ" అనసాగారు. చివరికి హోటల్ యజమాని మొహం తిప్పుకుని, "మేడమ్, గిరాకీ పోతోంది. ఇంకెవరినన్నా చూసుకుంటా" అన్నాడు.

మావారికి చెబితే పేపర్లోంచి తలెత్తకుండా, "నీకెందుకొచ్చిన గొడవ? ఆ పని వద్దని మొదటే చెప్పానా?" అన్నారు. ఆ మాట ఆయన చాలా రోజులుగా దాచుకున్నట్టు అనిపించింది.

కారు అమ్మేశాను. కొన్నాళ్లకు ఆ హోటల్ ముందు నుంచి వెళుతుంటే, బ్రిటిష్ వీసా ఉన్న ఒక కుర్రాడు పెట్టెలు సర్దుకుంటూ కనిపించాడు. ఎవరికని అడిగాను. అతను చెప్పిన ఇళ్లన్నీ నాకు తెలిసినవే. వాటిలో కరీంనగర్ అమ్మాయి పంపుతున్న మటన్ బిర్యానీ కూడా ఉంది.

"ఆమె ఏమైనా చెప్పమందా?" అన్నాను.

"లేదాంటీ. ఇచ్చేసి రమ్మన్నారంతే" అన్నాడు.