ఇబ్రా పాతింట్లో కాశింబక్క బంగారం

నిజానికి ఈ ప్రయాణం మస్తాన్ చెయ్యాల్సింది. మస్తాన్ వలీది కడప. మస్కట్‌లో నీళ్ళ ట్యాంకరు నడిపేవాడు, దార్సైట్‌లో నా రూమ్మేటు. నేను ఒక కట్టడాల కంపెనీలో స్టోర్ కీపర్ని. తొంభైల మొదట్లో మాట ఇది. అతని అక్క కాశింబి ఇబ్రా అనే ఊళ్ళో ఒక అరబ్బుల ఇంట్లో పదకొండేళ్ళుగా పనిమనిషి. ఆ శుక్రవారం సాయంత్రమే ఆమె బొంబాయి విమానం. వీసా రద్దు చేయించుకుని ఇక రాకుండా వెళ్ళిపోతోంది. వెళ్ళేలోగా పాత ఇంట్లో దాచుకున్న బంగారం దొరకాలి. సరిగ్గా ఆ రోజే మస్తాన్‌కి డ్యూటీ వేశారు.

"నువ్వు పో అన్నా. ఆ మిషన్ పట్టుకోను నాకు చాతగాదు. సాయంత్రం అక్కను ఎయిర్‌పోర్టుకు నేను తోల్కపోతా," అన్నాడు.

మిషన్ మా సైట్ ఇంజనీరుది, ఒక ఇంగ్లీషాయనది. సెలవు రోజుల్లో కురుమ్ బీచ్‌లో హెడ్‌ఫోన్లు పెట్టుకుని, పొడుగాటి కర్ర చివర పళ్ళెం లాంటిది ఇసక మీద ఊపుకుంటూ తిరిగేవాడు. నేల కింద లోహం ఉంటే అది కూస్తుంది. నాకు చిన్నప్పటినుంచీ పాత నాణేల పిచ్చి. అందుకని రెండుమూడు సార్లు సిగ్గులేకుండా ఆయన వెనకాల పడ్డాను. అడగ్గానే ఇచ్చాడు పాపం. "చెత్త మరీ మోగి విసిగిస్తే ఈ నాబ్ కుడివైపు తిప్పు," అని చూపించాడు. నేర్చుకున్నాననుకున్నాను.

రువి బస్టాండులో, ఇబ్రా మీదుగా సూర్ వెళ్ళే బస్సు ఆరున్నరకి. ఇబ్రాకి టికెట్ రెండు రియాళ్ళ లోపే. ముందు రెండు వరసలూ ఆడవాళ్ళకి వదిలేస్తారు, వెనకాల కూర్చోవాలి. పక్కన ఒక పంజాబీ తాపీమేస్త్రి. నా సంచీలోంచి పొడుచుకొచ్చిన కర్రని చూసి, "బందూఖ్ హై క్యా భాయ్?" అన్నాడు. తుపాకీ కాదు బాబూ, పాత డబ్బులు వెతికే మిషన్ అంటే నవ్వి, "దొరికితే నాకూ సగం," అని నిద్రపోయాడు. ఫంజా దాటాక అన్నీ కొండలే. పచ్చదనం లేదు, నీడ లేదు, మాడిపోయిన రొట్టె రంగు కొండలు. ఆ దారి గొప్పగా ఉంటుందని చాలామంది చెప్పారు. నాకైతే దిగులేసింది. ఇంత దూరం వచ్చి ఇళ్ళల్లో అంట్లు తోముకునే మన ఆడవాళ్ళు ఈ కొండలే చూశారు కదా ఇన్నేళ్ళూ అనిపించింది.

తొమ్మిదింపావుకి ఇబ్రా. నల్ల అబాయా వేసుకున్న ఒక పొట్టి మనిషి చేతిలో ఫ్లాస్కుతో ఎదురొచ్చింది. యాభై దాటి ఉంటాయి.

"నువ్వేనా నాయనా మస్తాన్ పంపిచ్చింది? టీ తాగు ముందు. మొగం సూడు, ఎట్ల వాడిపోయిందో."

నేను ఆమెకి ఏమీ కాను. అయినా ఆ మాటతో నాకు అక్క అయిపోయింది. టీ తాగి నడక మొదలుపెట్టాం. పాత పేట ఊరికి ఒక పక్కన ఉంది. ఒకప్పుడు జాంజిబార్‌తో వ్యాపారం చేసిన షావుకార్లు కట్టుకున్న మట్టి మేడలు. కాశింబక్క దారి పొడుగునా సంగతి చెప్పింది. అర్బాబ్ అంటే ఆమె యజమాని.

"అర్బాబ్ వాళ్ళమ్మ బతికుండంగా మేము ఆ పాతింట్లోనే ఉంటిమి. నాకు ఒక రూము, దానికి గొళ్ళెం లేదు. పంపినకాడికి ఊరికి పంపినా. మిగిలిన దాంట్లో యాడాదికి రోంత రోంత బంగారం కొనుక్కున్యా. సన్న చైను, రెండు జతల కమ్మలు, ఒక ముక్కుపుడక. ఖర్జూరాలు పెట్టే కొట్టులో గోడకు బొక్క జేసి, గుడ్డలో సుట్టి పెట్టి, మట్టి మెత్తేసినా. ముసలామె సచ్చిపోయినాక ఆ దినమే మమ్మల్ని కొత్తింటికి తోల్చిరి. పాతింటికి తాళం ఏసిరి. తర్వాత పెద్దవాన వచ్చె, ఆ గోడ పడిపాయ. శుక్రవారాలు అరబ్బులు నిద్దరపోయినప్పుడు వచ్చి చేతుల్తో తవ్వినా. దొరకల."

"అర్బాబ్‌కి చెప్పొచ్చు కదక్కా?"

"ఎట్ల చెప్పేది? పనిమనిషి బంగారం వాళ్ళ గోడలో ఉండాదంటే, అది నాదని ఎవురు నమ్ముతారు?"

ఇన్నేళ్ళు పనిచేసి అంత బంగారం ఎవరి కోసం దాచావని అడిగాను. ఆమె ఆగి నా మొహంలోకి చూసింది.

"ఎవురికోసమూ గాదు, నాకే. నాకు పిల్లలు లేరు, మొగుడు ఎప్పుడో పాయ. ఆ బంగారం అమ్మి ఒక గది ఏసుకోవాల. తమ్ముడు పెండ్లాం ముందర చెయ్యి జాపి నిలబడకూడదు. అంతే నాయనా."

అర్బాబ్ నలభై ఏళ్ళ మనిషి, స్కూల్లో పంతులు, మర్యాదస్తుడు. మేము పాత నాణేల కోసం వచ్చామనే ఆయన అనుకుంటున్నాడు. తాళం తీసి, "దొరికిన పాత వస్తువులు నావి, ఠీక్ హై?" అని నవ్వాడు. ఇంకో మాట కూడా చెప్పాడు. రేపు శనివారం షావల్ వస్తుందట, పడిపోయిన కొట్టు వైపంతా చదును చేసి కార్లు పెట్టుకోవడానికి. షావల్ అంటే మట్టి ఎత్తే పెద్ద బండి. కాశింబక్క తల వంచుకుని నిలబడింది. ఆమెకి ఆ సంగతి ముందే తెలుసు.

ఇల్లు ఒకప్పుడు ఎంత బాగుండేదో! గోడల్లో సున్నపు అరలు, తాటిదూలాలకి ఎర్రరంగు చారలు, మేడమీద కిటికీకి జల్లెడ పని. లోపలి తలుపులు ఎవరో ఊడబెరుక్కుపోయారు. కొట్టు గది మాత్రం నడుం ఎత్తు మట్టిదిబ్బ. తొమ్మిదీ ముప్పావుకి మిషన్ తగిలించాను.

అబ్బ, ఒకటే కూత! తలుపు మేకులు, సీమ రేకులు, సార్డీన్ డబ్బా మూతలు, కూల్‌డ్రింకు డబ్బాల చెవులు, సిగరెట్టు పెట్టె వెండికాగితం. కూసిన ప్రతిచోటా కాశింబక్క వంగి తవ్వేది, ఏ చెత్తో చేతికొచ్చేది, పక్కన పడేసేది. గంటకే ఆమె గోళ్ళలోంచి రక్తం వచ్చింది. నాకు చిరాకు మొదలైంది. అప్పుడే దిబ్బ పక్క నుంచి గాడిద కళ్ళెం ముక్క ఒకటి, దాని వెనకే నల్లబడ్డ గుండ్రటి బిళ్ళ ఒకటి వచ్చాయి. చొక్కాకి తుడిస్తే రాజు తల! మన బ్రిటిషు కాలం వెండి రూపాయి. ఇబ్రా మట్టిలో మన రూపాయి! నిజం చెప్తున్నాను, ఆ క్షణంలో నేను బంగారం సంగతి మర్చిపోయాను. అర్బాబ్ పరిగెత్తుకొచ్చాడు.

"మా తాత కాలంలో ఇదే నడిచేది ఇక్కడ. రూపియా హిందీ!"

ఆ తర్వాత నేను చేసిన పని చెప్తాను. నాబ్ కుడివైపు తిప్పేశాను, దాదాపు చివరిదాకా. చెత్త కూతలు ఆగిపోయాయి. వెండి, రాగి మాత్రం శుభ్రంగా కూస్తున్నాయి. ఇంకేం కావాలి! దిబ్బంతా మూడుసార్లు అడ్డంగా, నిలువుగా తిరిగాను. ఇంకో రూపాయి దొరికింది. ఆస్ట్రియా రాణి బొమ్మ ఉన్న పెద్ద వెండి నాణెం ఒకటి, అరబ్బీ అక్షరాల రాగి పైసలు నాలుగు దొరికాయి. ప్రతిదానికీ గెంతులేశాను. కాశింబక్క ప్రతిసారీ గబగబా వచ్చి చూసి, నాణెమని తెలిసి, మళ్ళీ వెళ్ళి రాతిమీద కూర్చునేది. ఆమె మొహం చూసైనా నాకు బుద్ధి రాలేదు.

పన్నెండుంపావుకి అర్బాబ్ నమాజుకి వెళ్ళాడు. వచ్చాక వాళ్ళింట్లో భోజనం, మాంసం వేసిన అన్నం, ఖర్జూరాలు, చేదు కాఫీ. పెద్ద పళ్ళెం చుట్టూ మగవాళ్ళం కూర్చున్నాం. కాశింబక్క వంటింట్లో తింది. తిన్నాక మళ్ళీ ఒక గంట వెతికాం. దిబ్బ మౌనంగా ఉంది. మూడుగంటలకి ఆమే అంది, "చాలు నాయనా. అది లేదు." నాణేలన్నీ అర్బాబ్‌కి ఇచ్చేశాను. ఆయన సంతోషపడి ఒక రూపాయి నా చేతిలో పెట్టాడు. ఆమెకి ప్రయాణానికని కొత్త దుప్పటి ఇచ్చి, సూట్‌కేసుతో సహా మమ్మల్ని కారులో బస్సు దగ్గర దింపాడు. మంచివాడే.

మూడున్నర బస్సు. ఆమె ముందు సీట్లో, నేను వెనక. నాలుగున్నర అవుతుండగా కొండదారికి ముందు ఒక మలయాళీ టీకొట్టు దగ్గర పావుగంట ఆపారు. టీ వంద బైసలు, అంటే రియాల్‌లో పదోవంతు, సమోసా యాభై. కొట్టాయన నా సంచీ చూసి, ఏంటది, చూపించమన్నాడు. రూపాయి నేలమీద వేసి మిషన్ ఊపాను. కుయ్‌మంది. చుట్టూ పదిమంది చేరారు. కొట్టాయనకి హుషారొచ్చి, వేలికున్న బంగారు ఉంగరం తీసి నేలమీద పెట్టాడు.

"ఇదర్ దేఖో!"

ఊపాను. కూయలేదు. మళ్ళీ ఊపాను. ఉహుఁ.

"సోనా నహీ పహచాన్‌తా! డబ్బా మిషన్!" అని అందరూ నవ్వారు, బంగారాన్నే గుర్తుపట్టలేని మిషనని.

నాబ్ వెనక్కి తిప్పి ఊపాను. ఉంగరం మీద గట్టిగా కూసింది. కుడికి తిప్పాను, మౌనం. ఎడమకి తిప్పాను, కూత. చిన్న బంగారం వస్తువు దీనికి వెండికాగితంతో సమానమట! చెత్త వద్దని నేను తిప్పిన తిప్పుకి కమ్మలూ, చైనూ చెత్తలో కలిసిపోయాయి. నాణేల మోజులో పడి పొద్దున్నుంచీ ఆమె బంగారం మీదుగా చెవిటిదాన్ని తిప్పాను. లోతులో ఉంటే ఎలాగూ మోగేది కాదులే అని ఒక మాట నాకు నేను చెప్పుకున్నాను. అది కూడా నిజమో కాదో తెలీదు. వెనక్కి వెళ్దామా అంటే ఎనిమిదిన్నరకి విమానం. అర్బాబ్‌కి ఫోన్ చేద్దామా అంటే ఏమని చెప్పాలి? రేపు షావల్ వస్తుంది.

బస్సెక్కి ఆమె సీటు పక్కన నిలబడ్డాను. కిటికీ అద్దంలోంచి కొట్టు వైపు చూస్తోంది కానీ, ఆమె ఏమీ గమనించినట్టు లేదు.

"అక్కా, ఒక మాట చెప్పాలి."

"నేనే నీకు చెప్పల్ల. కూసో," అని సంచీ జరిపింది. ఆడవాళ్ళ సీటని డ్రైవరు గొణిగినా కూర్చున్నాను. "నాకు తెలుసు నాయనా అది యాడ పోయిందో. ఆ గోడ సంగతి నేను చెప్పింది ఒక్కనికే, మస్తాన్‌కి. ముసలామె సచ్చిపోయిన నెలకు వాడు ఇబ్రా వచ్చె. నాకు చెప్పకుండా పాతింటి పక్కకు పొయ్యొచ్చె. ఆ యాడాదే కడపలో మిద్దె లేపె. యాడినుంచి వచ్చె వానికి?"

ఆ మిద్దె ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలుసు. రెండేళ్ళు వరసగా రెండు డ్యూటీలు చేశాడు మస్తాన్. నా కళ్ళ ముందు, బూట్లు విప్పకుండానే మంచం మీద పడి నిద్రపోయేవాడు.

"మస్తాన్ అలాంటివాడు కాదక్కా," అన్నాను.

"నువ్వు వాని దోస్తువి, అట్లనే అంటావు. పోనీలే. తీసింది పరాయోడు గాదు గదా, నా తమ్ముడే. ఈ పొద్దు మిషన్ గూడా లేదనేసరికి నా మనసు కుదుటబడింది. మాఫ్ చేసేసినా. వాన్ని ఒక్క మాట అడగను." కళ్ళు తుడుచుకుంది. "ఇప్పుడు చెప్పు, నువ్వేమో చెప్తానంటివే?"

చెప్పాల్సింది. ఆ కొండదారిలో గంటసేపు నా పక్కనే ఉంది ఆమె. చెప్తే మస్తాన్ ఆ నింద నుంచి బయటపడతాడు, ఆమె బంగారం మాత్రం రేపటి షావల్ కిందకి పోతుంది, నా తప్పు నా నెత్తిన పడుతుంది. ఈ మూడింట్లో నన్ను ఆపింది చివరిదే. పిరికివాణ్ణి. "ఏం లేదక్కా, ఊరెళ్ళాక ఉత్తరం రాయి," అన్నాను.

ఆరింటికి క్లాక్ టవర్ రౌండెబౌట్ దగ్గర దిగాం. మస్తాన్ కంపెనీ పికప్‌తో కాచుకున్నాడు. "దొరికిందా అన్నా?" అన్నాడు. తల అడ్డంగా ఊపాను. పాపం, అతని మొహం మాడిపోయింది. ఎయిర్‌పోర్టు పది నిమిషాలు. లోపలికి వెళ్ళే తలుపు దగ్గర కాశింబక్క ఆగి, తమ్ముడి తలమీద చెయ్యి పెట్టింది.

"నీ మీద నాకేం లేదురా. వాడుకో. మంచిగా వాడుకో."

అతను అర్థంకాక, ఏడుస్తూ తలూపాడు. ఆమె ట్రాలీ తోసుకుంటూ వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది.

ఇబ్రా వెళ్ళాలనుకునేవాళ్ళు పొద్దుటి బస్సుకి వెళ్ళి సాయంత్రం బస్సుకి తిరిగి రావచ్చు, నాలుగు రియాళ్ళలో అయిపోతుంది. ఊరు బాగుంటుంది, మనుషులు మర్యాదస్తులు. నేను మాత్రం మళ్ళీ వెళ్ళలేదు. ఆ సాయంత్రం పికప్‌లో దార్సైట్ వస్తుంటే, రువి దీపాలు కనిపిస్తుండగా మస్తాన్ అడిగాడు.

"అన్నా, అక్క ఏం వాడుకోమన్యాది?"

"ఏమో. దీవించిందేమో."

"అంతేలే. మా అక్క మనసు అట్లాంటిది." చొక్కా చేతితో ముక్కు తుడుచుకుని నవ్వాడు. "బంగారం పోతే పాయలే అన్నా. మిద్దె మీద గది ఏసింది అక్క కోసమే. ఇంతవరకు చెప్పలే. ఊరికి పొయ్యి సూచ్చే అప్పుడు తెలుచ్చాది, తమ్ముడు ఎంత కష్టపడినాడో."