మొదటి పులస

పుస్తెలమ్మైనా పులస తినాలంటారు మా వైపు. ఆ మాట అనేవాళ్ళంతా తినేవాళ్ళే. పట్టేవాళ్ళ ఇళ్ళలో అది వినపడదు. గోదారికి ఎర్రనీరు వచ్చిన దగ్గర్నుంచి వినాయకచవితి దాటేదాకా మా నాన్న వలలో పడిన ప్రతి పులసా రేవులోనే ఎవరి సంచిలోకో వెళ్ళిపోయేది. మా ఇంటిదాకా వచ్చేవి జెల్లలు, బొమ్మిడాయిలు. పద్దెనిమిదేళ్ళు వచ్చేదాకా నాకు పులస రుచి తెలియదు. తెలిసిన రోజున మాత్రం, తెలియకపోయినా బాగుండేదనిపించింది.

మాది ధవళేశ్వరం ఆనకట్టకు దిగువన, ఏటిగట్టు మీద చేపలు పట్టేవాళ్ళ పేట. తొంభైల నడుమ సంగతి ఇది. నేను ఇంటర్ పాసయ్యాను. మా పేటలో అది చిన్న విషయం కాదు, అలాగని పనికొచ్చే విషయమూ కాదు. ముందు మూడు దారులున్నాయి. రాజమండ్రిలో డిగ్రీ, అక్కడే ఐటీఐ, లేదంటే నాన్న పడవ. డిగ్రీ సంగతి మాకు ఎవరూ చెప్పక్కర్లేదు. బీయే చదివొచ్చి వల అల్లుకుంటున్న ఒకాయన మా పక్కింట్లోనే ఉండేవాడు. పేటలో ఎవరికైనా ఉత్తరం రాయాలంటే ఆయనే రాసేవాడు. ఆయన చదువుకు ఇంకో ఉపయోగం ఉన్నట్టు నేను చూడలేదు.

ఐటీఐ అలా కాదు. ఫిట్టరు చదివితే కాగితం మిల్లులోనో, గ్యాసు తవ్వే కంపెనీలోనో అప్రెంటిసుకు తీసుకుంటారని చెప్పుకునేవాళ్ళు. ఖాకీ చొక్కా, షిఫ్టు, నెల జీతం. వీటన్నిటికంటే నాన్నకు నచ్చింది, అది నేల మీద నిలబడి చేసే పని కావడం. ఆయన తమ్ముళ్ళలో ఒకణ్ణి ఏరు తీసుకుపోయింది. ఆ సంగతి ఎత్తేవాడు కాదు గాని, ఆ తర్వాత నన్ను పడవ దగ్గరికి రానిచ్చేవాడు కాదు.

"ఈ తెడ్డు నాతోనే ఆఖర్రా. ఆనక మీ అమ్మ పొయ్యిలో పెట్టుకుంటాది," అనేవాడు.

"టేకు చెక్క. అంత తొందరగా అంటుకోదులే," అనేది అమ్మ.

నాన్న మనిషి పొట్టి. నేను అమ్మ పోలికతో పొడుగ్గా పెరిగాను. సరదాకు ఎప్పుడైనా ఇంటి దగ్గర ఆ తెడ్డు పట్టుకుంటే నడుం వంచాల్సి వచ్చేది. నాన్న అది చూసి, "చూశావా, నీకు సరిపోదు," అని సంబరపడేవాడు.

మా లెక్కల మాస్టారు దగ్గరుండి ఐటీఐకి దరఖాస్తు పెట్టించారు. దేనికైనా మంచిది, డిగ్రీకి కూడా పెట్టమన్నారు. నాన్న ఒప్పుకోలేదు. "రెండు పడవల మీద కాళ్ళు పెట్టకూడదండి మాస్టారూ," అన్నాడు. పడవ మీద బతికే మనిషి ఆ మాటంటే ఇక ఎవరు మాత్రం కాదంటారు? మాస్టారు నవ్వేశారు.

ఆషాఢంలో ఇంటర్వ్యూ కార్డు వచ్చింది. ఫలానా రోజు పొద్దున పదింటికల్లా సర్టిఫికెట్లతో రమ్మని. మాస్టారికి చూపిస్తే, "నీ మార్కులకి ఫిట్టరు రావాలోయ్. పిలిచినప్పుడు అక్కడ నిలబడు, చాలు," అన్నారు.

ఇంటికొచ్చి అదే చెప్పాను. నాన్న కార్డు తిప్పి తిప్పి చూశాడు. ఆయనకు చదువు రాదు, కాని ఏ కాగితమైనా చదివినంత సేపూ చూసేవాడు.

"మాస్టారు మంచోరు. మంచోళ్ళకి పనులెలా అవుతాయో తెలీదు. బాబుగారి చేత ఒక మాట చెప్పించాలి," అన్నాడు.

బాబుగారంటే గట్టు దిగువన మేడింటి ఆసామి. కొబ్బరితోటలు, వరిచేలు, రాజమండ్రిలో పెద్ద పెద్ద వాళ్ళతో పరిచయాలు. మా తాతల కాలంలో ఒక వరదకు పేటంతా మునిగితే వాళ్ళ మేడ మీదే మా వాళ్ళు తలదాచుకున్నారట. అప్పట్నుంచి ఏటా మా పడవలో పడిన మొదటి పులస ఆ ఇంటికి వెళ్తుంది. దానికి వెల కట్టరు. వాళ్ళు పండక్కి బట్టలు పెడతారు, కష్టానికి ఒక మాట సాయం చేస్తారు. ఆషాఢం వచ్చిందంటే ఇక ఆ చేప చేతిలో లేకుండా ఆ గడప తొక్కడం మా వంశంలో లేదు. ఎవరు పెట్టారో తెలియని నియమం. ఆ ఇంటివాళ్ళకు అలాంటి నియమం ఒకటి ఉందన్న సంగతైనా తెలుసో లేదో. మా నాన్నకు మాత్రం అది వేదం.

అయితే ఆ ఏడు గోదారి రాలేదు. ఆషాఢం సగం గడిచినా పైన వానల్లేవు. ఏరు తేటగా, అడుగు కనపడేలా ఉంది. ఎర్రనీరు తగిలితేనే పులస సముద్రం వదిలి ఎదురెక్కుతుంది. నాన్న రోజూ తెల్లారి లేచి గట్టు మీద నిలబడి నీళ్ళ రంగు చూసేవాడు. నేను ఆయన మొహం రంగు చూసేవాణ్ణి. అమ్మ ఒకసారి ఉండబట్టలేక, "చేప లేకపోతే ఏమయ్యిందయ్యా, వెళ్ళి చెప్పుకుని రా. ఆయనేం మింగేస్తారా?" అంది.

"ఉత్తి చేతుల్తో వెళ్ళి పిల్లోడికి సీటు అడగమంటావా? అడుక్కున్నట్టుంటాది," అన్నాడు నాన్న. మళ్ళీ ఆ మాట ఎత్తనివ్వలేదు.

సరిగ్గా ఇంటర్వ్యూకు ముందురోజు సాయంత్రం ఏరు రంగు మారింది. పేటంతా గట్టు మీదికొచ్చింది. నాన్న చేతులెత్తి గంగమ్మకు దండం పెట్టాడు. ఆ తల్లి మా కోసమే వచ్చిందని నేనూ అనుకున్నాను. నాన్నతో వల లాగే బాబాయి జ్వరంతో పడి ఉన్నాడు. అందుకని నాన్న ఒక ఉపాయం చెప్పాడు. తెల్లవారుజామునే నేనూ ఆయనా వెళ్ళి వల వేస్తాం. చేప పడగానే బాబుగారింటికి వెళ్తాం, ఆయన ఫోన్ చేస్తారు, నేను అటునుంచి అటే బస్సెక్కుతాను. పదింటికి రమ్మన్నంత మాత్రాన పదింటికే అయిపోదు కదా, సాయంత్రం దాకా పిలుస్తూనే ఉంటారు. ఆఫీసుల సంగతి మాకు అంతే తెలుసు.

ఇస్త్రీ చొక్కా, సర్టిఫికెట్లు ప్లాస్టిక్ సంచిలో చుట్టి పడవ ముందుభాగంలో పెట్టుకున్నాం. నాన్న వల వదులుతుంటే నేను తెడ్డు వేశాను. జన్మలో మొదటిసారి నన్ను పడవెక్కించడం నన్ను పడవ నుంచి తప్పించడానికి. అప్పుడు మాకు అందులో వింతేమీ కనపడలేదు.

మొదటిసారి వల లాగితే చేపకు బదులు గుర్రపుడెక్క మొక్కల చిక్కు వచ్చింది. దాన్ని విడదీసేసరికి పొద్దెక్కింది. రెండోసారీ అంతే. గట్టు మీద రాజమండ్రి బస్సు హారన్ వినపడింది. నేను తలెత్తి చూశాను.

"నాన్నా, బస్సు."

"ఇంకోటి ఉంటాదిలే. ఈ ఒక్కసారి వేసి చూద్దాం."

ఆ తర్వాతి బస్సు హారన్ కూడా విన్నాను. ఈసారి ఆయన వీపు చూస్తే బస్సు మాట ఎత్తబుద్ధి కాలేదు. చొక్కా లేని ఆ వీపు మీద చెమట, ఏటి నీళ్ళు కలిసి కారుతున్నాయి. ఆయన చేప కోసం వెతకడం లేదు, నా కోసం వెతుకుతున్నాడు. అలాంటి మనిషితో, పడవ ఒడ్డుకు తిప్పుతాను, నేను వెళ్ళిపోతాను అని ఎలా అంటాం?

ఎండ నడినెత్తికొచ్చాక పడింది. ఒకటే. మంచి సైజుది, వెండిలా మెరుస్తూ. నాన్న దాన్ని రెండు చేతులతో ఎత్తుకుని పసిపిల్లవాణ్ణి చూసినట్టు చూశాడు. అంత సంతోషం ఆయన మొహంలో అంతకుముందూ చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు.

బాబుగారు అప్పుడే భోజనం చేసి వరండాలో కూర్చున్నారు. చేపను చూసి, "అప్పుడే పడిందిరా?" అని మెచ్చుకున్నారు. నాన్న గుమ్మం కింద నిలబడి, తలగుడ్డ చేతిలోకి తీసుకుని సంగతి చెప్పాడు. ఆయన కార్డు తీసుకుని చదివారు. మళ్ళీ చదివారు.

"ఇది ఇవాళే కదరా?"

"ఆయ్, ఇవాళేనండి. తమరు ఒక్కమాట చెప్తే ఇప్పుడే బస్సెక్కించేత్తానండి."

ఆయన లోపలికి వెళ్ళి ఫోన్ తిప్పారు. అక్కడ ఆయనకు తెలిసినవాళ్ళున్నారు. మాటలు మాకు వినపడుతూనే ఉన్నాయి. ఓహో, అలాగా, లేడనా, అంతేనా, అంటున్నారు. ఫోన్ పెట్టేశాక బయటకు రావడానికి ఆయనకు కొంచెం సమయం పట్టింది.

"పొద్దున్నే పిలిచారంటరా. పేరు పైనే ఉందంట. ఫిట్టరు వచ్చేసేదంట. మనిషి లేడని తర్వాతి వాళ్ళకి ఇచ్చేశారంట. అంతా అయిపోయిందంట."

నాన్నకు అర్థం కాలేదు. "తమరి మాట అండీ," అన్నాడు.

"నా మాట అక్కర్లేదురా దానికి. మార్కుల్ని బట్టి ఇచ్చారు. ఈడు వెళ్ళి నిలబడితే సరిపోయేది." చేప వైపు చూసి, "చేప కోసం ఆగావేంట్రా? చేప లేకపోతే నేను చెప్పననుకున్నావా?" అన్నారు.

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. నా విషయంలో పూజారి అడ్డం కూడా లేడు. వరం ఇస్తాం రమ్మని దేవుడే పిలిస్తే, మేం నైవేద్యం కోసం ఏట్లో తిరుగుతున్నాం.

బాబుగారు చేపను తీసుకోలేదు. "ఈ ఏడు నాకొద్దు. పిల్లాడికి వండి పెట్టించు," అన్నారు. పాపం ఆయన దయతోనే అన్నారు. కాని ఆ ఇంటి నుంచి మొదటి పులస వెనక్కి రావడం మా వంశంలో అదే మొదలు. సీటు పోయిందన్నప్పుడు నిలబడగలిగిన నాన్న, చేప తిరిగి చేతిలోకి వచ్చేసరికి మెట్టు మీద కూలబడ్డాడు.

మరుసటి ఏడు మళ్ళీ పెట్టుకోవచ్చు కదా అని అందరూ అడుగుతారు. పెట్టుకుందామనే అనుకున్నాను. డిగ్రీలో చేరికలు ఎలాగూ అయిపోయాయి, ఏడాది పాటు నాన్నకు తోడుంటే మాత్రం ఏం పోయిందనుకున్నాను. వేసవికి ఆయన కుడిచెయ్యి పడిపోయింది. ఇంట్లో తెడ్డు పట్టగల చెయ్యి నాదొక్కటే మిగిలింది. ఆ తర్వాత దరఖాస్తుల కాలం వచ్చిందీ పోయిందీ నాకు తెలియలేదు. నా తర్వాత ఆ ఫిట్టరు సీటు అందుకున్న కుర్రాడెవరో నాకు తెలియదు. వాడి మీద నాకు కోపం లేదు. ఇన్నేళ్ళుగా ఎవరి మీద కోప్పడాలో వెతుక్కుంటూనే ఉన్నాను. నాన్న మీద పడదామంటే ఆ వీపు కళ్ళముందుకొస్తుంది. ఎవరూ దొరకని కోపం మనిషిని లోపలే తినేస్తుంది. నన్ను తినేసింది.

ఆ రోజు ఇంటికొచ్చేసరికి ఇంకా వెలుగుంది. అమ్మ ముందు చేపను చూసింది, తర్వాత నన్ను చూసింది. మట్టి దాక కడిగి, చింతపండు నానేసి, ఎవరో చెప్పగా విన్నట్టు బెండకాయలూ ఆవకాయ ఊటా వేసి వండింది. పులస పులుసు ఒక పూట మాగితే గాని తినకూడదంటారు. ఆ సంగతి మా ఇంట్లో ఎవరికీ గుర్తు రాలేదు. వండుకున్న అలవాటుంటేగా.

నాన్న తన కంచం పక్కన పెట్టేసి నా ఎదురుగా కూర్చున్నాడు. పులసకు ముళ్ళెక్కువ. ఒక్కొక్క ముల్లూ తీసి, ముక్క నా కంచంలో వేస్తున్నాడు, నాకు మూడేళ్ళప్పుడు వేసినట్టు. నేను వద్దనలేదు. రుచి ఎలా ఉందంటే, చాలా బాగుంది. నాకు ఏడుపొచ్చింది అందుకే. ఉప్పగానో చేదుగానో ఉంటే బాగుండును.

సగం చేప అయ్యాక నాన్న నా కంచం వైపే చూస్తూ అన్నాడు.

"నా తెడ్డు నీకు పొట్టయిపోద్దిరా. నీ ఎత్తుకి ఇంకోటి చేయించాలి."

అమ్మ పొయ్యి దగ్గర్నుంచి లేచి బయటికి వెళ్ళిపోయింది. నేను అన్నం కలుపుకున్నాను.