నాది అనకూడని ఇసుక

బరబరమని ఇసుక ఊడుస్తున్న చప్పుడు. అలకీ అలకీ మధ్య ఊపిరి తీసుకునే వ్యవధి ఉంటుంది, దీనికి లేదు. సరుగుడు తోట దాటాక కనిపించింది తాతమ్మ, ఈతాకు చీపురుతో, నడుం వంచి. ఊడ్చినంత మేరా ఎండబెట్టిన చేప ఒక్కటీ లేదు.

"పడవలే రాలేదు కదా, ఎందుకు ఊడుస్తున్నావు?" అన్నాను.

"సేతులు ఊరుకోట్లేదు మేస్టారూ."

తాతమ్మ అన్నది ఆమె పేరే, భోగాపురం దాటాక ఒడ్డున ఉన్న ఊరు ఆమెది. పెళ్లయి వచ్చిన మర్నాడే అత్త ఆమెను ఈ జాగాకి తెచ్చి, గంపెడు నెత్తళ్ల చేపలు పరవమంది. అప్పట్నుంచీ ఇక్కడే ఆరబెడుతోంది. గట్టు లేదు, రాయి లేదు. అయినా పక్క జాగాలో ఉండే రాజకుమారి చీపురు ఇటు రాదు. తాతమ్మకి జ్వరమొస్తే ఆమె చేపల్ని ఇక్కడ పరిచేది మళ్లీ ఆ రాజకుమారే. కానీ "నా ఇసక" అని మాత్రం ఎవరూ అనరు. అంటే గంగమ్మ వింటుందని, వేటకెళ్లినవాళ్ల మీద కోపం తీర్చుకుంటుందని భయం.

ఆ భయమే కొంప ముంచింది. ఒడ్డున పార్కు కడతామంటూ పోయిన నెల ఒక అధికారి వచ్చి, ఈ ఇసుక ఎవరిదని అడిగాడు. ముందు నిలబడ్డ తాతమ్మ దణ్ణం పెట్టి, "గంగమ్మ తల్లిది బావూ, మాది కాదు" అంది. ఆడవాళ్లంతా తలూపారు. ఎవరికీ హక్కు లేదని తేల్చుకుని వెళ్లాడతను. వారం తిరక్కుండా సిమెంటు స్తంభాలు దిగాయి.

నేను ఎచ్చెర్లలో తత్వశాస్త్రం చెబుతాను, ఈ గొడవ విని బస్సెక్కి వచ్చాను. లోకం ముందు ఒంటికి తెలుస్తుందని, మాట ఆ తర్వాత వస్తుందని ఫినామినాలజీ పాఠంలో అంటాను. హక్కులూ రాజ్యమూ ఇంకో పాఠం. రెంటికీ మధ్య గంట కొడతారు, పిల్లలు పుస్తకాలు మార్చుకుంటారు. ఈ ఒడ్డున ఆ గంట లేదు. ఆమె అరికాలికి తెలిసింది అధికారి చెవికి చేరాలి. అతని చెవికి పట్టే మాట ఒక్కటే ఉంది.

"నాది అను, చాలు" అని చెప్పాను.

ఆడవాళ్లు పెట్టుకున్న అర్జీ మీద ఆ పూటే తుఫాను షెల్టర్లో మళ్లీ విచారణ. దారిలో రాజకుమారి ఊరుకోలేదు. "ఒసే వదినా, నోటితో పోగొట్టినావు, నోటితోనే తే. మళ్లీ దణ్ణం ఎట్టీసి రాకు!"

అందరూ నవ్వారు. తాతమ్మ నవ్వలేదు. కొడుకు నాగబాబు తెల్లారగట్లే వేటకి పడవ వేసుకెళ్లాడు.

అధికారి అదే ప్రశ్న అడిగాడు. తాతమ్మ కిటికీలోంచి సముద్రం వైపు చూసింది. చెంగు ముడి విప్పింది, మళ్లీ వేసింది.

"నాది."

"వినబడలేదమ్మా."

"నాది బావూ! మా అత్తది, నాది, దీనిదీ" అని రాజకుమారిని రెక్క పట్టుకుని ముందుకి లాగింది.

పని ఆపి, అందరి జాగాలూ కొలిపిస్తానన్నాడతను. ఆడవాళ్లు కేకలు పెట్టారు. తాతమ్మ అప్పటికే బయట ఉంది, స్తంభాల మధ్య, అటూ ఇటూ నడుస్తూ. పడవలు ఒక్కొక్కటే ఒడ్డెక్కుతున్నాయి. వాటిలో నాగబాబుది లేదు.

బస్సు టైమైందని సంచీ భుజాన వేసుకున్నాను. ఆమె నా మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"సెప్పమన్నావు, సెప్పీసినాను. ఆడి పడవ అగుపడీదాకా నువ్వెల్లకు మేస్టారూ."