సీటు పోతుందని నీళ్లు మానేశాను

మే నెల, మిట్ట మధ్యాహ్నం. రీడింగ్ హాల్‌లో ఫ్యాన్ కింద కూర్చున్న నాకు చలి వేసింది. చేతుల మీద రోమాలు నిక్కబొడుచుకున్నాయి. అప్పుడు నేను చేసిన పనేమిటంటే, చున్నీ భుజాల నిండా కప్పుకుని పాలిటీ పుస్తకంలో పేజీ తిప్పడం.

ముందు ఆ సీటు సంగతి చెప్పాలి. మా యూనివర్సిటీ క్యాంపస్‌లో గ్రూప్స్‌కు చదివేవాళ్లు వందల మంది. సరిగ్గా తిరిగే ఫ్యాన్ కింద కుర్చీ దొరకాలంటే తెల్లారకముందే అడిక్‌మెట్‌లో నేనుండే రూం నుంచి బయలుదేరాలి. లేచామా, పోయినట్టే. పుస్తకం పెట్టి వెళ్లినా పక్కకు జరిపి కూర్చుంటారు. వాష్‌రూం పక్క బ్లాక్‌లో, అక్కడా లైనే. అందుకని నీళ్లు తగ్గించాను. సాయంత్రం దాకా అర బాటిల్. దాన్ని క్రమశిక్షణ అనుకున్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

మూడింటికి తలనొప్పి, వాంతి. పిక్కలు పట్టేశాయి. పక్క సీటు స్వరూప నా చెయ్యి ముట్టుకుని, "ఏందే, గిట్ల కాలుతున్నవ్? లే, దవాఖానకు పోదాం" అంది.

"నువ్వు లేస్తే నీ సీటు గూడ పోతది" అన్నాను. నిజంగా అదే అన్నాను. అయినా రెక్క పట్టి లేపి నడిపించింది. మెట్ల దగ్గర పడిపోయాను.

తార్నాకలో ఒక ఆసుపత్రికి ఆటోలో తీసుకెళ్లింది. "పొద్దుగాల్నుంచి యూరిన్‌కు ఎన్నిసార్లు పోయినవ్?" అని అడిగింది డాక్టరమ్మ. ఎంత ఆలోచించినా ఒక్కసారి కూడా గుర్తుకు రాలేదు. సెలైన్ పెట్టి రక్తం తీశారు. హీట్ ఎగ్జాషన్, డీహైడ్రేషన్, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ ఎక్కువ. అడ్మిట్ కావాలన్నారు.

"ఎగ్జామ్ దగ్గర పడ్డది మేడం."

"నీ కిడ్నీలకు గ్రూప్స్ సంగతి తెల్వదు బిడ్డా. ఇప్పుడు వినకుంటే డయాలసిస్ దాకా పోతది."

ఆ మాటకు ఏడుపు ఆగలేదు.

ఇక సలహాలు. "సంచిల ఉల్లిగడ్డ పెట్టుకొమ్మంటే పెట్టుకున్నవా?" అని ఫోన్‌లో అమ్మ. "ఎండల ఎందుకు తిరిగినవ్?" అని మిగతా అందరూ. నేను ఎండలో అడుగే పెట్టలేదని, వడదెబ్బ ఫ్యాన్ కిందే తగిలిందని చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టింది. ఒక్కరు నమ్మితే ఒట్టు.

బుద్ధి వచ్చిందనుకుంటున్నారా? డిశ్చార్జ్ అయిన మూడో రోజే మళ్లీ ఆ కుర్చీలో ఉన్నాను. ఓఆర్ఎస్ ప్యాకెట్ బ్యాగులో, విప్పకుండా. మధ్యాహ్నానికి కళ్లు తిరిగాయి. ఈసారి స్వరూప జాలి పడలేదు. నా పుస్తకాలన్నీ బ్యాగులో కుక్కి, సీటు కోసం నిలబడ్డ ఒకామెను పిలిచి, "కూసో అక్కా, ఇది ఇగ ఖాళీనే" అంది. కోపం నషాళానికి అంటింది. రెండు రోజులు దానితో మాట్లాడలేదు.

అప్పట్నుంచి పొద్దున, సాయంత్రం మాత్రమే హాల్లో చదివాను. మధ్యాహ్నం రూంలోనే, కిటికీకి తడి దుప్పటి కట్టుకుని. పరీక్ష రాశాను. మధ్యలో లేచి వాష్‌రూంకు వెళ్తానంటే ఇన్విజిలేటర్ విసుక్కున్నాడు. "గింత సేపు ఆగలేవా అమ్మా?"

"ఆగలేను సార్" అన్నాను. మూడు ప్రశ్నలు మిగిలిపోయాయి. ఫలితాలు ఇంకా రాలేదు. క్రియాటినిన్ మాత్రం నార్మల్‌కు వచ్చింది.

చదువుకునే చెల్లెళ్లకు, తమ్ముళ్లకు ఒక్కటే మాట. పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా మూత్రం రాకపోయినా, ముదురు పసుపుగా వచ్చినా, పుస్తకం మూసి లేవండి. నీళ్లు తాగండి. మీ కుర్చీలో ఎవరు కూర్చుంటారో వెనక్కి తిరిగి చూడకండి.